పేరు చెప్పను

మా ఊళ్ళో యేసుపాదం అయ్యగారంటే పిల్లలకే కాదు, పెద్దవాళ్ళకూ భయమే. సూర్యాపేట నుంచి సైకిల్ తొక్కుకుంటూ వచ్చేవారు. ప్రసంగం చప్పగా ఉండేది. పాట ఎత్తుకుంటే శ్రుతి తప్పేది. ఆలస్యంగా వచ్చినవాళ్ళని గుమ్మంలోనే నిలబెట్టి కడిగేసేవారు. ఆయన నవ్వగా నేను చూడలేదు. కానీ ఆయన దగ్గర మోకరించి చెప్పుకున్న మాట ఒక్కటి కూడా ఊళ్ళోకి రాలేదు. ఎవరి మొగుడు ఎవరిని కొట్టాడో, ఎవరింట్లో ఎవరు ఎవరితో మాట్లాడటం లేదో అన్నీ ఆయనకు తెలుసు. తెలిసినట్టు ముఖంలో కూడా కనిపించేది కాదు.

పదో తరగతి దాకా నేను ఎరిగిన పాస్టరు ఆయన ఒక్కరే. అందుకని పాస్టర్లంతా పైకి ఎలా ఉన్నా లోపల అలాగే ఉంటారనుకున్నాను.

ఇంటర్ చదవడానికి అమ్మమ్మ దగ్గర్నుంచి ఫిల్మ్ నగర్ బస్తీకి వచ్చాను. మా అమ్మ కొమురమ్మ షూటింగుల్లో బట్టలు ఇస్త్రీ చేస్తుంది. అక్క మనోజ గ్రూప్ డాన్సర్, అంటే పాటల్లో హీరో వెనకాల వరసల్లో ఆడేవాళ్ళలో ఒకతె. నాన్న లేడు. ఇంట్లోకి బియ్యం వచ్చేది ఎక్కువగా అక్క ఆడితేనే.

బస్తీలో మావాళ్ళందరూ వెళ్ళే చర్చి కొండ వాలులో, షూటింగ్ లైట్లు కిరాయికి ఇచ్చే గోదాం పై అంతస్తులో ఉంటుంది. పాస్టరు కమలాకర్ గారు. ఆయన్ని చూసిన మొదటి ఆదివారం నేను నోరు తెరిచి వింటూ ఉండిపోయాను. తెల్లటి జుబ్బా, చెంప మీదుగా నోటి దాకా వచ్చే సన్నటి మైకు, కింది గోదాం నుంచి తెచ్చిన రెండు పెద్ద లైట్లు, ఎదురుగా కెమెరా. ఆరాధన అంతా యూట్యూబ్‌లో లైవ్ వెళ్తుంది. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆగాలో, ఎక్కడ కళ్ళు చెమర్చాలో ఆయనకు తెలుసు. ఒకసారి విన్న పేరు మర్చిపోరు. కాలేజీలో ఇంకా ఎవరూ నా పేరు అడగని రోజుల్లో ఆయన "దీవెనా, బాగున్నావా తల్లీ?" అని పలకరించారు. ఎదురుగా ఉన్నంతసేపు లోకంలో మనం తప్ప ఇంకెవరూ లేనట్టు చూస్తారు. ఆయన చూసేది మనల్ని కాదని, మన కళ్ళలో కనపడే తననేనని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

అక్కకు మూర్ఛ ఉంది. గోళీలు తప్పకుండా వేసుకుంటే రాదు. డాన్స్‌వాళ్ళకు ఎవరికీ తెలియదు. తెలిస్తే పని ఇవ్వరని ఇంట్లో కూడా ఆ మాట గొంతు తగ్గించి అనుకునేవాళ్ళం. ఒకసారి షూటింగులు వరసగా ఉండి గోళీలు మర్చిపోయింది. అమ్మ పనికి పోయిన వేళ పొయ్యి ముందు పడిపోయింది. నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. వెనక్కి తిరిగిపోయిన కళ్ళు, నోట్లో నురగ. తెలివి వచ్చాక అక్క అన్న మొదటి మాట, "ఎవ్వరికన్న చెప్పినవా?"

అప్పటికి చెప్పలేదు. కానీ భయం నన్ను వదల్లేదు. అక్క స్నానానికి పోయినా తలుపు దగ్గర నిలబడేదాన్ని. ఉపవాస ప్రార్థన అయ్యాక, అందరూ వెళ్ళిపోయాక, కమలాకర్ అయ్యగారి దగ్గర మోకరించి చెప్పాను. నాకు మాటలు తొందరగా రావు. ఆయన ఓపికగా విన్నారు. తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు.

"ఇది నీకూ నాకూ దేవునికీ మధ్య మాట, తల్లీ. నిశ్చింతగా వెళ్ళు," అన్నారు.

తర్వాతి ఆదివారం ఆయన ప్రసంగం మధ్యలో ఆగి, గొంతు తగ్గించారు.

"ఈ ఫిల్మ్ నగర్‌లోనే, ఈ సంఘంలోనే ఒక బిడ్డ ఉంది. పేరు చెప్పను. పేరు చెప్పడం ధర్మం కాదు. గ్రూప్ డాన్సర్. తండ్రి లేడు. తల్లి షూటింగుల్లో ఇస్త్రీ పని చేసుకుంటుంది. ఈ మధ్యే పల్లెటూరి నుంచి వచ్చిన చెల్లెలు, నోట్లో మాట పెగలని పిల్ల, నా కాళ్ళ దగ్గర పడి ఏడ్చింది. అయ్యగారూ, మా అక్కది మూర్ఛరోగం అని."

తలలన్నీ మావైపు తిరిగాయి. అక్క తల దించుకోలేదు. వేదిక వైపే చూస్తూ కూర్చుంది. పెదవుల రంగు మాత్రం పోయింది.

"ఇక్కడ నేను మోకరించాను. అక్కడ ఆ బిడ్డ నరాల్లో కరెంటు పారింది! పట్టి పీడించింది పోయింది! ఇక గోళీలతో పని లేదు! చప్పట్లతో దేవుణ్ణి స్తుతించండి!"

హాలంతా చప్పట్లు. ఏం చెయ్యాలో తెలియక అమ్మ కూడా కొట్టింది.

ఆ ముక్కను కత్తిరించి, 'డాన్సర్‌కు విడుదల' అని పేరు పెట్టి విడిగా యూట్యూబ్‌లో పెట్టారు. డాన్సర్లను షూటింగులకు పిలిచే కోఆర్డినేటర్ పృథ్వీరాజ్ అక్కకు ఫోన్ చేశాడు. అక్క చేతులకు పిండి ఉందని స్పీకర్‌లో పెట్టాను.

"మనోజా, ఏమనుకోకు. జర కొన్ని దినాలు ఆరాం చెయ్."

"నాకేమైందన్నా?"

"యూట్యూబ్‌ల చూసిన. డాన్స్ మాస్టర్ గూడ చూసిండు. క్రేన్ మీద నిలబెడ్తం, నీళ్ళల్ల దించుతం. రేపు నువ్వు పడ్డవనుకో, అందరు నా గల్లా పట్టుకుంటరు."

"అండ్ల నా పేరే లేదు గదన్నా."

"పేరొక్కటి తప్ప ఆధార్ కార్డు మొత్తం చదివిండు గాయన. ఫికర్ చెయ్యకు, నేనే పిలుస్త."

పిలవలేదు. మిగతావాళ్ళూ పిలవలేదు. అక్క పొద్దున్నే లేచి తలుపు మూసుకుని ఒక్కతే ప్రాక్టీసు చేసేది. గోడ అవతలివాళ్ళు కాళ్ళ చప్పుడుకు విసుక్కునేవాళ్ళు. నన్ను ఒక్క మాట తిట్టలేదు. ఒకసారి మాత్రం అంది, "నువ్వు భయపడి చెప్పినవ్. గాయనకేం భయమని చెప్పిండే?"

ఆ ప్రశ్న నాలో దిగిపోయింది. కాలేజీలో పాఠం వింటున్నా అదే. ఆయన గొంతు పోవాలని దేవుణ్ణి అడిగాను. పైనున్న లైటు టప్పున పేలి, జుబ్బా మీద గాజు పెంకులు రాలాలని అడిగాను. మోకాళ్ళ మీద నిలబడే అడిగాను. అంతకుముందు నా ప్రార్థనలు ఎప్పుడూ అంత స్పష్టంగా లేవు.

వీడియో తీసేయమని అడగడానికి అమ్మా నేనూ ఆయన రూముకు వెళ్ళాం. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు.

"పేరు చెప్పలేదు కదమ్మా! తీసెయ్యడమేంటి? కింద కామెంట్లు చూశారా? దుబాయ్ నుంచి ఒకావిడ ఏడుస్తూ ఫోన్ చేసింది."

"పిల్లకు పని పోయిందయ్యగారూ," అంది అమ్మ. "దానికి తగ్గింది గూడ లేదు."

"ఆ మాట అనకండి కొమురమ్మగారూ, అది అవిశ్వాసం. మనోజని వేదిక ఎక్కించండి. స్వస్థత పొందానని తన నోటితో సాక్ష్యం చెప్పనివ్వండి. ఇండస్ట్రీ మొత్తం నమ్ముతుంది. నేను పక్కనే ఉంటాను."

ఆయన మాటలో మోసం లేదు. ఒకసారి నోట్లోంచి బయటికి వచ్చి, నలుగురు చప్పట్లు కొడితే, అది ఆయనకు నిజమైపోతుంది. మా అక్క గోళీల డబ్బా చూపించినా ఆయనకు కనపడదు. ఆయన ఉత్త అబద్ధాలకోరైతే నేను ఇంతగా ద్వేషించి ఉండనేమో.

మెట్లు దిగుతూ అమ్మ, "పెద్దమనిషి. మనమేమంటం బిడ్డా," అంది. 

నెలలో మొదటి ఆదివారం, యేసు కడపటి విందు గుర్తుగా అందరూ పంచుకునే ప్రభు బల్ల ఉంటుంది. వేదిక కింద చిన్న బల్ల మీద రొట్టె, ద్రాక్షరసం పెట్టి తెల్లటి గుడ్డ కప్పుతారు. గుడ్డ తీయడం సంఘ పెద్ద భిక్షం తాత పని. తీసే ముందు అయ్యగారు ప్రతి నెలా ఒకే మాట చెబుతారు, "మీలో ఎవరికైనా, ఎవరి మీదైనా మనసులో విరోధం ఉంటే, ముందు లేచి వెళ్ళి సమాధానపడండి. తర్వాతే బల్ల దగ్గరికి రండి." అని కళ్ళు మూసుకుంటారు. కీబోర్డు మెల్లగా మోగుతుంది. ఎవరూ లేవరు. లేవాలని ఎవరికీ తోచదు. ఆయన కళ్ళు తెరిచి తాతకు తల ఊపుతారు, గుడ్డ తొలగుతుంది.

ఆ ఆదివారం కీబోర్డు మోగుతుండగా నేను లేచి నిలబడ్డాను.

ఆయన కళ్ళు తెరిచి చూశారు. "ఏం తల్లీ, కళ్ళు తిరుగుతున్నాయా? కూర్చో, ఎవరైనా నీళ్ళివ్వండి."

"నాకు విరోధం ఉంది," అన్నాను.

"ఏంటమ్మా?"

"విరోధం ఉంది. మీ మీద."

కీబోర్డు ఆగిపోయింది. అమ్మ నా చున్నీ పట్టుకుని కిందికి లాగింది.  నేను కూర్చోలేదు.

ఆయన ఒక్క క్షణం తడబడ్డారు. అంతే. వేదిక దిగి వచ్చారు. లైటు ఆయన వెంట తిరిగింది. నా ముందుకు వచ్చి, ఆ తెల్లటి జుబ్బాతోనే నేల మీద మోకరించారు. కళ్ళలో నీళ్ళు నిండాయి.

"ఈ సేవకుడు తెలియక నిన్ను ఏ విధంగా నొప్పించినా, క్షమించు బిడ్డా!"

హాలు మొత్తం కరిగిపోయింది. "ఎంత తగ్గింపు! ఎంత తగ్గింపు!" అని ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. వెనక నుంచి ఎవరో నా వీపు పొడిచారు. "క్షమించిన అనరాదే పోరీ. అయ్యగారు మోకాళ్ళ మీదున్నరు."

కెమెరా ఆయన ముఖానికి దగ్గరగా వచ్చింది. ఇది కూడా వీడియో అవుతుందని నాకు అప్పుడు అర్థమైంది. అన్నిటికంటే పెద్ద వీడియో. కింద అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెడతారు. నా పగ ఆయనకు మంచి సీను అయిపోతుంది.

"ఏం చేసిన్రో చెప్పి అడగున్రి," అన్నాను.

"తెలియక చేసింది ఏదైనా..."

"తెల్వక కాదు. ఏం చేసిన్రో చెప్పున్రి."

ఆయన మైకును చేత్తో మూసుకున్నారు. "ఇక్కడ కాదమ్మా. రూములో మాట్లాడుకుందాం."

బల్ల పక్కన నిలబడ్డ భిక్షం తాతకు అది వినపడింది. "రూముల ఎందుకయ్యగారూ? పిల్ల ఈడ అడిగింది, ఈడనే చెప్పున్రి."

"పెద్దాయనా, బల్ల ఆలస్యం అవుతోంది."

"ఆలస్యం గాదు, ఆగింది. పోయిన్నెల శకుంతలమ్మ యారాలితోని నల్లా కాడ కొట్లాడిందని గిదే బల్ల కాడికెల్లి మీరే వాపస్ పంపిన్రు. సమాధానపడి రాపో అన్నరు. ఎండల పడి రహమత్ నగర్ దాంక పోయొచ్చింది ముసల్ది. ఆమెకో న్యాయం, మీకో న్యాయమా?"

"పోయిన నాయినా," అంది శకుంతలమ్మ ఆడవాళ్ళ వరసలోంచి. "దాని కాళ్ళు గూడ పట్టుకున్న. చాయ్ గూడ పొయ్యలే అది."

ఎవరో కిసుక్కున నవ్వారు. అయ్యగారు మోకాళ్ళ మీంచి లేచారు. అప్పుడు అక్క లేచింది.

"అయ్యగారు పేరు చెప్పలే, నేను చెప్త. నా పేరు మనోజ. మూర్ఛ నాకే. తగ్గలే. పొద్దుగాల గూడ గోళీ ఏసుకున్న. నా చెల్లె రహస్యంగ చెప్పుకున్న మాట గాయన మీకందరికి చెప్పిండు. గంతే."

"లైవ్ కట్ చెయ్!" అని అరిచారు అయ్యగారు. ఆ గొంతు నేను ఎన్నడూ వినలేదు. పలచగా, గీసుకున్నట్టు ఉంది. సంఘం కూడా ఎన్నడూ విని ఉండదు. అందరూ బిగుసుకుపోయారు.

భిక్షం తాత గుడ్డ అంచులు సర్దాడు. "ఆ పిల్ల సమాధానపడ్డ అన్నంకనే ఈ గుడ్డ తీస్త. నన్ను తీసేస్తే తీసేయున్రి," అన్నాడు.

మెట్లు దిగుతుంటే అమ్మ ఏడుస్తోంది. నాకు మాత్రం నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నట్టు ఉంది. ఆయన నా మాట తీసుకుపోయి బజారులో పెట్టాడు. ఇప్పుడు నా మాట కోసం ఆయనే రావాలి.

వచ్చారు. ముందు ఆయన భార్య పద్మప్రియ అమ్మగారు ఆపిల్ పళ్ళతో వచ్చింది. "చిన్నపిల్లకు అంత పట్టుదల మంచిది కాదమ్మా," అని నా గడ్డం పట్టుకుంది. తర్వాత ఆయనే వచ్చారు. మా ఒక్క గదిలో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుని, అమ్మ ఇచ్చిన చాయ్ పట్టుకుని, అక్కను చూసి నవ్వారు.

"జూబ్లీహిల్స్‌లో ఒక నిర్మాత మన ప్రార్థనలకు వస్తారు. ఆయనతో మాట్లాడాను. ఒక డాన్స్ మాస్టర్ దగ్గర మనోజకు అసిస్టెంట్ పని. వరసలో నిలబడి ఆడక్కర్లేదు, నేర్పించడమే. దీవెన ఆ ఒక్క మాట అంటే చాలు."

"వీడియో?" అన్నాను.

"ఇప్పుడు తీసేస్తే, అబద్ధం చెప్పాననుకోరా అమ్మా?"

"చెప్పిన్రు గద."

ఆయన వినలేదు. అమ్మ అక్కనే చూస్తోంది.  అక్క ఆ పని కావాలంటే నేను క్షమించానని చెప్పక తప్పదు. పోయింది అక్క పని. పగ నాది. ఏది ముందో నాకు తెలుసు. తెలిసినా, అక్క వద్దనాలని గోళ్ళు అరచేతుల్లోకి దిగేలా పిడికిళ్ళు బిగించాను.

అక్క కాళ్ళకు నూనె రాసుకుంటూ, తల ఎత్తకుండా అంది, "మీరు పని ఇప్పిస్తే, వచ్చే ఆదివారం అది గూడ ప్రసంగంల వస్తది అయ్యగారూ. ఒక బిడ్డకు మూర్ఛ పోయింది, పని గూడ దొరికింది, పేరు చెప్పను అంటరు."

అమ్మకు నవ్వు ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను దాచుకోలేదు.

ఆయన ముఖంలో నవ్వు పోయింది. "బాగా పొగరెక్కింది మీకు. నేను వద్దంటే ఈ బస్తీలో మీ మొహం చూసేవాళ్ళు ఉండరు."

"చాయ్ సల్లారుతున్నది, తాగున్రి," అంది అక్క.

ఆయన తాగకుండానే వెళ్ళిపోయారు.

అక్క పనికోసం మధురానగర్‌లో ఒక అపార్టుమెంటుకు వెళ్ళి, పిల్లలకు డాన్స్ నేర్పడం మొదలుపెట్టింది. మూర్ఛ సంగతి ముందే చెప్పి చేరింది. అది షూటింగు కాదు. ఇంటికి వచ్చాక ఫోన్‌లో పాత పాటలు పెట్టుకుని, వరసలో తను ఎక్కడ ఉందో ఆపి ఆపి చూసుకుంటుంది. అలా చూస్తున్నప్పుడల్లా నా లోపలి మంట మళ్ళీ రాజుకునేది.

మళ్ళీ మొదటి ఆదివారం వచ్చింది. హాలు కిక్కిరిసింది. ఆయన క్షమాపణ మీదే ప్రసంగం చేశారు. క్షమించని గుండె పురుగు పట్టిన పండు లాంటిదన్నారు. ఆ మాట అన్నప్పుడల్లా నావైపు చూశారు. చూడనీ అని నేనూ ఆయన్నే చూశాను.

చివర, గుడ్డ కప్పిన బల్ల దగ్గరికి వచ్చి, కెమెరా అతనితో, "ఆపెయ్. లైట్లు కూడా," అన్నారు. మైకు తీసి జేబులో పెట్టుకున్నారు.

లైట్లు ఆరిపోయాక ఆయన చాలా చిన్నగా కనిపించారు. కళ్ళ కింద సంచులు, మెడ మీద ముడతలు. వయసు మళ్ళిన మామూలు మనిషి.

"దీవెనా, నువ్వు నన్ను నమ్మి రహస్యంగా చెప్పిన మాట నేను అందరిలో చెప్పాను. మీ అక్కకు తగ్గిందో లేదో కనుక్కోలేదు. తగ్గిందని చెబితే బాగుంటుందనిపించింది, చెప్పేశాను. తప్పు చేశాను. క్షమించు."

ఈసారి కన్నీళ్ళు లేవు. గొంతు తగ్గించడం, మధ్యలో ఆగడం, ఏమీ లేదు. నేను అడిగిన మాటలే, అన్నీ, ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి.  ఇంకొక్క క్షణమైతే క్షమించానని అనేసేదాన్ని.

కానీ ఆ మాటలు విన్నది ఈ హాలే. అక్కను పని నుంచి తీసేసింది ఈ హాలు కాదు. పృథ్వీరాజ్ ఈ హాల్లో లేడు. డాన్స్ మాస్టరు లేడు. వాళ్ళ ఫోన్లలో మా అక్కకు ఇంకా కరెంటు పారుతూనే ఉంది, వీళ్ళు ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

"కెమెరా పెట్టుమనున్రి," అన్నాను. "లైట్లు గూడ. గిదే మాట మళ్ళ చెప్పున్రి."

 కెమెరా అతను అయ్యగారి వైపు చూశాడు. అయ్యగారు కెమెరా వైపు చూశారు. చాలాసేపు చూశారు. చెయ్యి తనంతట తనే పైకి వెళ్ళి జుబ్బా కాలరు సర్దింది. నోరు తెరిచారు. మూశారు.

"ఆరాధన ముగిసింది. వెళ్ళిరండి," అని తన రూములోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

భిక్షం తాత రొట్టెను మళ్ళీ డబ్బాలో పెట్టాడు. జనం గొణుక్కుంటూ లేచారు. ఒక పెద్దావిడ నా ముందు ఆగి, "గంత పెద్దమనిషి గట్ల చెప్పిండు గద. ఇంకేం గావాలె నీకు? రాతి గుండె పోరి!" అని కళ్ళెర్రజేసింది.  ఆవిడ వెళ్ళేదాకా ఆవిడనే చూస్తూ నిలబడ్డాను.

నాకు జాలి వెయ్యలేదు. వచ్చే నెల కూడా వస్తాను. ముందు వరసలో, కెమెరాకు అందేచోట కూర్చుంటాను.